బత్తాయి పెట్టే ముందు

మిర్యాలగూడ,
మే నెల.

చిరంజీవికి,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన సంగతికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పెట్టేయడం నాకు ఇష్టం లేకపోయింది. వరి అయితే తప్పినా ఆర్నెల్లలో తెలిసిపోతుంది, వచ్చే కారుకు సర్దుకోవచ్చు. తోట అట్లా కాదు. ఈ వానాకాలం నువ్వు పెట్టే మొక్క నీ కొడుకు కాలేజీకి పోయేనాటికి కూడా అక్కడే ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దాచుకో, మళ్ళీ మళ్ళీ చదువుకో.

నువ్వు అనుకుంటున్నది ఇది: తాత సంపాదించిన చెలక నాలుగెకరాలు, కాల్వ కింద తరి రెండెకరాలు, మొత్తం ఆరూ బత్తాయి చేసేయాలని. నా మాట ముందే చెప్తాను. చెలకలో పెట్టు. తరిలో ఒక్క మొక్క కూడా పెట్టకు. చెలకలో కూడా ఈ ఏడు రెండెకరాలే పెట్టు.

తరి మీద నీకు మనసు ఎందుకు విరిగిందో నాకు తెలుసు. 2023-24 యాసంగికి సాగర్ ఎడమ కాల్వ కింద పంటలకు నీళ్ళు వదల్లేదు. పొలాలు బీళ్ళయినాయి. వచ్చే ఏళ్ళలో మళ్ళీ అట్లా కాదని చెప్పేవాడు ఎవడూ లేడు. నీళ్ళు తక్కువ తాగే పంట పెడదామన్న నీ ఆలోచనలో తప్పు లేదు. కానీ ఆ భూమి సంగతి వేరు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాల్వలకు నీళ్ళు వదిలారు. అంతకుముందు మన దిక్కు కూడా జొన్న, సజ్జ, కంది, ఆముదమే. కాల్వ వచ్చినంక మిర్యాలగూడ వరి ఊరైంది, చుట్టూ రైస్ మిల్లులు లేచినాయి. అప్పటి నుంచి ఆ మడి ఏటా దమ్ము తొక్కించుకుంటూనే ఉంది. దమ్ము చేసేదే నీళ్ళు కిందికి దిగకుండా ఆపడానికి కదా. అన్నేళ్ళ దమ్ముకు అడుగున గట్టి పొర కట్టింది. వరికి ఆ పొర వరం, బత్తాయికి మరణం. పైగా నువ్వు వరి మానినా నీ గట్టు అవతలివాడు మానడు. వాడి మడి ఊట నీ చెట్ల వేళ్ళలోకి వస్తుంది. అప్పుడు వాణ్ణి అని ఏం లాభం?

కాల్వ కింద పుట్టి పెరిగిన మనకు నీళ్ళు పెట్టడం చిన్నప్పటి నుంచే వచ్చు. నీళ్ళు ఆపడం రాదు. బత్తాయి ఎవుసంలో నువ్వు కొత్తగా నేర్వాల్సిన విద్య అదొక్కటే. మిగతావన్నీ అడిగితే ఎవరైనా చెప్తారు. నేను చూసినంత మట్టుకు మన దిక్కు బత్తాయి తోటలు ఎండి చచ్చినవాటికంటే నిలవ నీళ్ళకు వేరు కుళ్ళి చచ్చినవే ఎక్కువ. ఎగువన గుర్రంపోడు, పెద్దఅడిశర్లపల్లి, కనగల్, చండూరు పోయి చూడు. నల్లగొండ జిల్లాకు బత్తాయిలో అంత పేరు తెచ్చింది ఆ ఎర్ర చెలకలే, ఆ బోరు బావులే. పోసిన నీళ్ళు పోసినట్టు దిగిపోయే నేలలవి.

బత్తాయి వేరుకు గాలి కావాలి. తిండి తీసుకునే సన్న వేళ్ళు చాలావరకు పైనున్న అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టి రోజుల తరబడి తడి ఆరకుండా ఉంటే ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లేస్తుంది. దాని బీజాలు నీళ్ళలో ఈదుకుంటూ పోయి వేరును పట్టుకుంటాయి. మొదలు దగ్గర బెరడు పగిలి తేనె రంగు బంక కారుతుంది. ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆఖరుకు చెట్టు అదను లేకుండా విరగబూస్తుంది. ఆ పూత చూసి మురిసిపోయేవాళ్ళను చూశాను. చచ్చే ముందు చెట్టు అట్లా పూస్తుంది. ఒక్క చెట్టు అకాలంలో తెల్లగా పూసిందంటే సంబరపడకు, మొదలు దగ్గర కూర్చొని బెరడు చూడు.

ఇప్పుడు చెలక సంగతి. పైకి ఎర్రగా కనబడింది కదా అని నమ్మకు. నాలుగు మూలలా, నడుమ ఒకచోట, మూడు మూడడుగుల లోతు గుంతలు తీయించు. ఎండాకాలం కాబట్టి ఇదే అదను. అడుగున తెల్లటి సున్నపు గుల్ల తగిలితే ఆ జాగ వదిలెయ్. సున్నం ఎక్కువున్న నేలలో జింకు, ఇనుము చెట్టుకు అందవు, ఆకు ఈనెలు పచ్చగా, నడుమంతా పసుప్పచ్చగా అవుతుంది, ఎన్ని మందులు కొట్టినా తిరిగి అదే. అడుగున నల్ల బంకమట్టో, పలక రాయో తగిలినా అంతే. ఆ గుంతల్లో సాయంత్రం బిందెలతో నిండా నీళ్ళు పోసి ఇంటికి రా. పొద్దున్నే పోయి చూడు. నీళ్ళు దిగిపోయి అడుగు తడిగా ఉంటే ఆ జాగ బత్తాయికి పనికొస్తుంది. ఇంకా నిలిచి ఉంటే అక్కడ కందో, పెసరో వేసుకో.

మట్టితో పాటు బోరు నీళ్ళు కూడా చూపించాలి. ఇది చాలామంది చెయ్యరు. నిమ్మ జాతి మొక్కలన్నిటికీ ఉప్పు పడదు. వరికి, పత్తికి పారిన నీళ్ళే కదా అని బత్తాయికి పోస్తే కొన్నేళ్ళకు ఆకు కొసలు మాడిపోతాయి, చెట్టు ఎదగదు. అంతకంటే ముందు చూడాల్సింది, మే నెల నడుమ నీ బోరు ఎన్ని గంటలు పోస్తుందనేది. వానాకాలం బోరు ఎంత పోసినా లెక్కలోకి రాదు. మేలో పోసేదే లెక్క. 2015-16 కరువులో ఎగువ మండలాల్లో బోర్లు ఎండిపోతే రైతులు ట్యాంకర్లతో నీళ్ళు కొని చెట్లకు పోశారు. పోయలేనివాళ్ళు పదేళ్ళ, పన్నెండేళ్ళ చెట్లను గొడ్డళ్ళతో నరికి కట్టెలకు అమ్ముకున్నారు. నాలుగెకరాలూ ఒకేసారి వద్దని నేను అనేది అందుకే. మే నెలలో నీ బోరు రెండెకరాలను సాకగలిగితే రెండే పెట్టు. బోరును చూసి తోట పెట్టాలి గానీ, తోట పెట్టి బోర్ల మీద బోర్లు వేస్తూ అప్పుల పాలు కావద్దు. డ్రిప్పు మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. రాయితీ ఉంటుంది, మండలంలో ఉద్యానశాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టు.

మొక్క ఎంపికలో తొందరపడకు. మన నేలకు సాతుగుడి రకమే. దాన్ని రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినదే అడుగు. రంగపూర్ నిమ్మ వేరు కరువుకు తట్టుకుంటుంది, వేరు కుళ్ళి వచ్చే ఎండు తెగులును కొంతవరకు ఆపుతుంది. జంభేరి మీద కట్టినవి కూడా అమ్ముతారు, మొదట్లో అవి తొందరగా ఎదిగి కంటికి ఇంపుగా కనబడతాయి. ఆ ఎదుగుదల చూసి మోసపోకు. లారీలో ఊరూరా తిప్పి అమ్మేవాళ్ళ దగ్గర ఎంత చౌకగా ఇచ్చినా కొనకు. మన దగ్గర కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. ముందు అక్కడ అడుగు. లేదంటే రిజిస్టరైన నర్సరీకి నువ్వే స్వయంగా పో. కొమ్మ తీసుకున్న తల్లి చెట్టును చూపించమను. ట్రిస్టెజా, గ్రీనింగ్ లాంటి వైరస్, బ్యాక్టీరియా రోగాలు తల్లి చెట్టు నుంచి అంటు కొమ్మతో కూడా వస్తాయి, వచ్చినంక మందు లేదు. నర్సరీలో మొక్కను చేతిలోకి తీసుకొని అంటు ఎక్కడ కట్టారో చూడు. మట్టికి జానెడు ఎత్తున ఉండాలి. అంతకు దిగువన కట్టింది వద్దు. ఒకటి రెండు సంచులు చింపించి వేరు చూడు. వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకొని ఉంటే ఆ వరుసంతా ముదిరిపోయినట్టే.

ఇరవై అడుగులకొక మొక్క, వరుసకు వరుసకు ఇరవై అడుగులు. ఎకరాకు నూటెనిమిది దాకా పడతాయి. ఎవరో దగ్గర దగ్గరగా పెట్టి రెట్టింపు దిగుబడి తీశారని వీడియోల్లో చూపిస్తారు. మొదటి రెండు కాపుల్లో నిజమే అనిపిస్తుంది. చెట్లు కమ్ముకున్నాక గాలి ఆడదు, మందు లోపలికి పోదు, లోపలి కొమ్మలు ఎండుతాయి. గుంత మూడడుగులు తీసి ఈ ఎండలకు ఆరనిచ్చి, జూన్ వానల ముందు పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి, కిలో సూపర్ ఫాస్ఫేటు కలిపి నింపు. పచ్చి పెంట వేస్తే చెదలొస్తాయి. నాటేటప్పుడు అంటు కట్టు మట్టిలోకి పోకూడదు. ఈ ఒక్క మాట కూలీలకు చెప్పి పక్కకు పోకు, ప్రతి గుంత దగ్గర నిలబడి చూడు. నాటినంక గుంత మట్టి కుంగుతుంది. అందుకే రెండంగుళాలు మిట్టగానే పెట్టించు.

నాటిన కొత్తలో అంటు కట్టుకు కింది నుంచి చిగుళ్ళు వస్తాయి. అవి బత్తాయివి కావు, నిమ్మవి. బలంగా, నిటారుగా, ముళ్ళతో వస్తాయి కాబట్టి తెలియనివాడు మొక్క బాగా లేచిందనుకుంటాడు. గోటితోనే గిల్లేయొచ్చు లేతగా ఉన్నప్పుడు. వదిలేస్తే పై కొమ్మను చంపి అదే చెట్టవుతుంది. ఐదేళ్ళు సాకి పుల్లటి నిమ్మకాయలు కోసుకున్న తోటలు ఉన్నాయి.

మొదటి నాలుగేళ్ళు బత్తాయి మీద రూపాయి రాదు. ఈ మాట కోడలికి కూడా చదివి వినిపించు, ఎందుకంటే ఇల్లు గడపాల్సింది ఆమె. తరి రెండెకరాల వరి అందుకే ఉండాలి. తిండిగింజలు అక్కడ, ఆశ ఇక్కడ. నువ్వు మిల్లులో చేసే కొలువు కూడా అప్పుడే వదలకు. చెట్ల నడుమ పల్లి, పెసర, బొబ్బర్లు వేసుకో, పుచ్చకాయ వేసుకో. మిరప, టమాట, వంకాయ మాత్రం వద్దు. వాటి వెంట నులిపురుగుల బెడద వస్తుంది. చెట్లు పెద్దయినంక అంతర పంట మానేయ్, ట్రాక్టర్ పెట్టి లోతు దున్నడం మానేయ్. నేను చెప్పాను కదా, తిండి వేళ్ళు పైపొరలోనే ఉంటాయని. నాగలి తెంపిన ప్రతి వేరు ఎండు తెగులుకు దారి తెరిచినట్టే.

ఎరువుల లెక్క పెద్ద కష్టమేం కాదు. ఐదేళ్ళు దాటిన చెట్టుకు ఏడాదికి నత్రజని 1500 గ్రాములు, భాస్వరం 350, పొటాష్ 400 గ్రాములు అని శాస్త్రవేత్తలు చెప్తారు. మొదటి ఏడు అందులో ఐదో వంతు, ఏటా మరో ఐదో వంతు పెంచుకుంటూ పో. నత్రజనిలో సగం పశువుల ఎరువు, పిండి రూపంలో పడాలి. ఉత్త యూరియాతో సాకిన తోట పదేళ్ళకే ముసలిదవుతుంది.

ఇక అసలు విద్యకు వస్తాను. బెట్ట.

చలి దేశాల్లో శీతాకాలమే చెట్టు ఎదుగుదలను ఆపుతుంది. ఆగిన చెట్టు కొమ్మల్లో పిండిపదార్థం దాచుకొని, వెచ్చదనం రాగానే పూతగా బయటపెడుతుంది. మన నల్లగొండ చలి దానికి చాలదు. ఇక్కడ ఆ పని నీళ్ళు ఆపి మనం చేయించాలి. దాన్నే బెట్టకు పెట్టడం అంటాం. జనవరి, ఫిబ్రవరి పూత కావాలంటే డిసెంబర్లో డ్రిప్పు కట్టేయాలి. తేలిక చెలకల్లో నెల రోజులు, ఒక్కోసారి అంతకూ తక్కువే చాలు. బరువు నేలల్లో ఇంకా పడుతుంది. క్యాలెండర్ చూసి బెట్ట విప్పకు, ఆకును చూసి విప్పు. మధ్యాహ్నం ఆకు వాడి ముడుచుకొని సాయంత్రానికి మళ్ళీ తేరుకుంటే ఇంకా కాలేదు. తెల్లవారుజామున పోయి చూసినప్పుడు కూడా ఆకు దొన్నెలా ముడుచుకొని, చేతికి మెత్తగా, కాంతి లేకుండా ఉంటే, చెట్టు కింద పండాకు రాలి ఉంటే, అప్పుడు చాలు. అంతకు మించి ఆపితే కొమ్మలు ఎండుతాయి.

ఆ నెల రోజులు నీకు చాలా కష్టం. బోరులో నీళ్ళుంటాయి, కరెంటు ఉంటుంది, చెట్టు వాడిపోతూ ఉంటుంది. పోయేవాడూ వచ్చేవాడూ నీళ్ళు పెట్టవా అని అడుగుతాడు. మీ నాయన కూడా అంటాడు. నిలదొక్కుకో. అక్కడే వరి రైతుకూ బత్తాయి రైతుకూ తేడా.

బెట్ట విప్పడం కూడా మెల్లగా జరగాలి. పైపైన గొర్రు తోలించి, పాదులో ఎరువు వేసి, మొదటి తడి తేలికగా పెట్టు. నాలుగైదు రోజులకు రెండో తడి కొంచెం ఎక్కువ. ఆ తర్వాతే మామూలు తడులు. ఎండి ఉన్న చెట్టుకు ఒక్కసారి మునిగేటట్టు పెడితే పూతకు బదులు ఆకు చిగురు వస్తుంది, వచ్చిన పూతా రాలుతుంది. సరిగ్గా విప్పితే మూడు వారాల్లోపే కొత్త చిగురుతో పాటు మొగ్గ కనబడుతుంది. నాలుగేళ్ళు నిండని మొక్కకు బెట్ట వద్దు. వచ్చిన పూలు కూడా తుంచేయ్, ముందు దాన్ని చెట్టు కానీ.

రెండు కాపులున్నాయి మనకు. జనవరి, ఫిబ్రవరిలో పూసి ఆగస్టు తర్వాత వచ్చేది సీజన్ పంట. జూన్, జూలై వానలకు పూసి ఎండాకాలం దిగేది కత్తెర. పూత నుంచి కోతకు ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఎండలో రసం తాగేవాళ్ళు ఎక్కువ కాబట్టి కత్తెర కాయకు రేటు ఉంటుంది. మేలో బోరు నమ్మకంగా పోస్తే సీజన్ పంట తీసుకో, ఎందుకంటే పిందె దశలో, మార్చి నుంచి మే దాకా, ఒక్క తడి తప్పినా పిందె రాలిపోతుంది. మేలో బోరు తగ్గితే చెట్టును ఎండలోనే విశ్రాంతికి వదిలి వాన పూత తీసుకో. వాన అదను తప్పితే పూత తప్పుతుంది, ఆ తిప్పలు దానికున్నాయి. రెండు కాపులూ ఒకే చెట్టు మీద మోయించకు. రెండేళ్ళు డబ్బు బాగా కనబడుతుంది, తర్వాత చెట్టు కనబడదు.

పూత మీదున్న తోటలోకి ఫిబ్రవరి సాయంత్రం ఒక్కసారి పోయి నిలబడు. తెల్లటి మందపాటి ఐదు రేకులు, నడుమ పసుప్పచ్చ పుప్పొడి, మైలు దూరం దాకా వాసన. నేను ఇన్నేళ్ళు బత్తాయిని వదలకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో తేనెటీగలు తోట నిండా ఉంటాయి, కాబట్టి పూత విచ్చుకున్నంక పురుగుమందు ముట్టకు. కొట్టాల్సింది మొగ్గకు ముందో, పిందె కట్టినంకో కొట్టు. నూరు పూలలో నాలుగైదు కాయలైతే గొప్ప. చెట్టు కింద తెల్లగా రాలిన పూలు చూసి దుకాణం వాడి దగ్గరికి పరుగెత్తకు. మోయగలిగినంతే చెట్టు ఉంచుకుంటుంది. బఠాణీ అంత పిందె అయినంక గుంపులుగా రాలితే మాత్రం ఏదో ఉంది, తడి తేడానో, జింకు లోపమో, అప్పుడు అడుగు.

వరిలో గడ్డిమందు కొట్టిన పంపు తోటలోకి రానివ్వకు. ఎన్ని సార్లు కడిగినా 2,4-డి అడుగున మిగులుతుంది, బత్తాయి లేత ఆకు దానికి వంకర్లు పోతుంది. తోటకు వేరే పంపు కొనుక్కో. అది పెద్ద ఖర్చు కాదు.

మందుల్లో నువ్వు స్వయంగా చేయడం నేర్వాల్సింది బోర్డో. మొదలుకు పూసే పేస్టుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. చెట్టు మీద కొట్టే ఒక శాతం మిశ్రమానికి అవే కిలో, కిలో, నూరు లీటర్ల నీళ్ళలో. ప్లాస్టిక్ డ్రమ్ములే వాడు, ఇనుప పాత్ర ముట్టించకు. ఒక డ్రమ్ములో మైలుతుత్తం, ఇంకోదాంట్లో తాజా సున్నం వేరువేరుగా కరిగించి, తుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలోకి కర్రతో కలియబెడుతూ పోయాలి. కలిపినంక మెరిసే ఇనుప కత్తి అలుగును అందులో కాసేపు ముంచి పైకి తీసి చూడు. అలుగు మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. అట్లాగే కొడితే ఆకు మాడిపోతుంది. ఇంకాస్త సున్నం పోసి మళ్ళీ ముంచు. అలుగు తెల్లగా వచ్చేదాకా చెయ్. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి భూమి నుంచి మూడడుగుల దాకా మొదలుకు పేస్టు పూయి. డ్రిప్పు చుక్క మొదలు మీద పడకూడదు. చెట్టు పెరిగేకొద్దీ డ్రిప్పర్లను కొమ్మల అంచు కిందికి జరుపుతూ పో.

కాయకు రెండు బెడదలుంటాయి. ఒకటి మంగు. కంటికి కనబడని నల్లి కాయ తోలును గీరితే కాయ ఇటుక రంగుకు తిరుగుతుంది. లోపల రసం బాగానే ఉంటుంది గానీ వ్యాపారి సగం రేటు అడుగుతాడు. పిందె నిమ్మకాయంత కాకముందే నీళ్ళలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కొడితే చాలావరకు ఆగుతుంది, ఎండ ముదిరిన రోజుల్లో మాత్రం గంధకం కొట్టకు. రెండోది రాత్రి వచ్చే రెక్కల పురుగు. పెద్దది, వెనక రెక్కలు నారింజ రంగులో ఉంటాయి. చీకటి పడ్డాక వచ్చి మాగిన కాయకు తన మూతితో రంధ్రం చేసి రసం తాగుతుంది. పొద్దున నువ్వు చూసేసరికి సూది గుచ్చినంత మచ్చ, చుట్టూ మెత్తబడి ఉంటుంది, రెండు రోజుల్లో కాయ రాలుతుంది. ఈ పురుగు పిల్లలు బత్తాయి ఆకు తినవు. కంచెల మీద పాకే తిప్పతీగ, దూసరి తీగ తిని పెరుగుతాయి. కాబట్టి దానికి మందు చెట్టు మీద కాదు, కంచెలో ఉంది. వానలు మొదలైనంక నీ కంచే కాక పక్కవాళ్ళ కంచె కూడా అడిగి శుభ్రం చేయించు. రాలిన కాయను ఏ రోజుకా రోజు ఏరి పాతిపెట్టు. దాని వాసనకే అవి వస్తాయి.

అమ్మకం గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే నీకు మిల్లులో లెక్కలు అలవాటే. పూత మీదనో పిందె మీదనో తోట మొత్తాన్ని గుత్తకు అడుగుతూ వ్యాపారులు వస్తారు. అవసరంలో ఉన్నవాడు ఇచ్చేస్తాడు. నువ్వు ఆ అవసరం తెచ్చుకోకు. టన్ను లెక్కన అమ్ము, తరుగు ఎంతో కోతకు ముందే మాట్లాడుకో, కాంటా చీటీ నీ చేతిలో ఉండాలి. నల్లగొండ దగ్గర గంధంవారిగూడెం, హైదరాబాద్ దగ్గర బాటసింగారం, రెండు చోట్లా ఆ వారం రేటు కనుక్కున్నాకే మాట ఇయ్యి. బత్తాయి కోసినంక మాగే పండు కాదు. చెట్టు మీద ఎంత తీపి పడితే అంతే. కానీ చెట్టు మీద కొన్ని వారాలు ఆగుతుంది, కాబట్టి రేటు పడిన రోజు కంగారుపడి తెంపకు. రంగు కోసం చూడకు, మన రాత్రుల వెచ్చదనానికి తోలు పచ్చగానే ఉంటుంది. రెండు కాయలు కోసి పిండి చూడు. 2020 లాక్‌డౌన్ ఎండాకాలం కత్తెర కాయ మీదుండగానే లారీలు ఆగిపోయాయి. అప్పుడు ఊళ్ళో, పట్నంలో ఇళ్ళకు నేరుగా అమ్ముకున్నవాళ్ళు నిలబడ్డారు. మిర్యాలగూడలో నీకు తెలిసిన ఇళ్ళు తక్కువేం కాదు. మొదటి కాపు నుంచే కొన్ని బస్తాలు అట్లా అమ్మడం అలవాటు చేసుకో.

ఎవరి మాట వినాలో కూడా చెప్పాలి. మందుల దుకాణంలో చెప్పింది విని తెచ్చుకునే అలవాటు ఈ తోటలో పనికిరాదు, ఆకు తీసుకొని పోతే ఆరు డబ్బాలు చేతిలో పెడతారు. త్రిపురారం మండలం కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం మనకు పక్కనే. సూర్యాపేట దిక్కు గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో ఇంకొకటి ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు రోగం పట్టిన కొమ్మ చూపిస్తే డబ్బులు అడగరు. గుర్రంపోడు దిక్కు ఇరవై ఏళ్ళ తోటను సాకుతున్న రైతులున్నారు, నిన్ను తీసుకపోతాను. వాళ్ళ చెట్ల మొదళ్ళు చూడు, ఎంత పొడిగా, శుభ్రంగా ఉంటాయో.

ఇన్ని చెప్పినా ఇది మంచి పంట బిడ్డా, నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. ఈడు మీదున్న తోట ఎకరాకు ఏడెనిమిది టన్నులు ఇస్తుంది. దమ్ము, నాటు, కోత మిషను కోసం పడిగాపులు, వడ్ల కుప్ప మీద వాన భయం ఉండవు. నువ్వు చేస్తావనే నమ్మకం ఉంది కాబట్టే ఇంత రాశాను.

ఈ వారంలో ఆ ఐదు గుంతలు తీయించు. ప్రతి గుంతలో మొదటి అడుగు మట్టి, రెండో అడుగు, మూడో అడుగు వేరువేరుగా తీసి మూటలు కట్టి చీటీ రాయి. బోరు అరగంట నడిచినంక అదే నీళ్ళతో ఒక ప్లాస్టిక్ సీసా కడిగి, నింపి మూత బిగించు. రెండూ తీసుకొని కంపాసాగర్ పో. ఆ కాగితం నీ చేతికి వచ్చేదాకా ఏ నర్సరీకీ బయానా కట్టకు. వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్, నేను కూడా వస్తాను, కలిసి కొండమల్లేపల్లి పోదాం.

నీ పెదనాయిన